రింగ్ కింద పరుపులుండవు: చిన్న రెజ్లింగ్ షోలపై అపోహలు - వాస్తవాలు

టీవీలో వచ్చే పెద్ద కంపెనీల సంగతి కాదిది. రెండు మూడు వందల కుర్చీలు పట్టే హాల్లో, ఆరేడు మ్యాచ్‌లతో, రెండున్నర మూడు గంటల్లో ముగిసే ఇండిపెండెంట్ షోల సంగతి. ఇక్కడ రింగ్ బిగించేదీ, కొత్తవాళ్లకు నేర్పేదీ, ఏ మ్యాచ్ తర్వాత ఏది రావాలో రాసేదీ చాలాసార్లు ఆ నలుగురైదుగురే. ఆ పని చేసేవాళ్లకు పదే పదే ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: అంతా ఉత్తుత్తి దెబ్బలాట.

గెలుపోటములు ముందే నిర్ణయమవుతాయి, నిజమే. అందులో దాపరికం ఎప్పుడో పోయింది. 1989లో పెద్ద రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఇది పోటీ కాదు, వినోదమేనని చెప్పుకుంది. క్రీడా కమిషన్ నిబంధనల నుంచి బయటపడటానికి అలా చెప్పింది. కానీ ఫలితం తెలిసినంత మాత్రాన ఒంటి బరువు తగ్గదు. 90 కిలోల మనిషిని తల మీదుగా ఎత్తి వెనక్కి వేస్తే నేలకు తగిలేది 90 కిలోలే. నటన ఉన్నది కోపంలో. ఎదుటివాడికి ఏమీ కాకుండా చూసుకునే జాగ్రత్తలో నటన లేదు.

అపోహ: రింగ్ కింద పరుపులు, స్ప్రింగులు ఉంటాయి. తాళ్లు రబ్బరులా సాగుతాయి.

రింగ్ విప్పి చూస్తే ఈ మాట ఎవరూ అనరు. నాలుగు మూలలా ఇనుప స్తంభాలు, వాటిని కలిపే దూలాలు, మధ్యలో అడ్డ కడ్డీలు. వాటి మీద చెక్క పలకలు, లేదంటే ముప్పావు అంగుళం ప్లైవుడ్. దాని మీద సుమారు అంగుళం మందం ఫోమ్. పైన కాన్వాస్‌ను గట్టిగా లాగి కింద తాడుతో అల్లి కడతారు. కొన్ని రింగుల్లో మధ్యలో ఒక స్ప్రింగ్ ఉంటుంది గానీ, అది ఎగరేయడానికి కాదు, దెబ్బను కొంచెం మింగడానికి. మధ్య భాగం కాస్త లొంగుతుంది. అంచుకు వెళ్లేకొద్దీ గట్టిపడుతుంది. తాళ్లకు బయట ఉన్న అంచు నేరుగా దూలం మీదే ఉంటుంది కాబట్టి రింగ్ మొత్తంలో అదే గట్టి చోటు. అక్కడ పడాలంటే అనుభవం ఉన్నవాళ్లు కూడా రెండుసార్లు ఆలోచిస్తారు.

పెద్ద కంపెనీ రింగ్ 20 అడుగుల చదరం. చిన్న షోల్లో ఎక్కువగా 16 లేదా 18 అడుగులవి వాడతారు. ఈ తేడా చూసేవాళ్లకు పట్టదు, పరుగెత్తేవాళ్లకు అంతా అదే. 18 అడుగుల్లో మూడు అంగలకు అలవాటుపడ్డ మనిషి 16 అడుగుల రింగ్‌లో అదే అంగ వేస్తే తాళ్లకు ముందే తగులుతాడు, వేగం కుదరదు. అందుకే హాల్‌కు రాగానే మొదట చేయాల్సింది ఖాళీ రింగ్‌లో నాలుగు వైపులా పరుగెత్తి అంగలు సరిచూసుకోవడం. ప్లైవుడ్ పలకల మధ్య సందు వచ్చినా, కాన్వాస్ ముడత పడినా చీలమండ మెలిక పడేది అక్కడే. ఆ పరుగులోనే కాలికి ఇవన్నీ తెలిసిపోతాయి.

ఇక తాళ్లు. చాలా చిన్న రింగుల్లో అవి రబ్బరు గొట్టంలో దూర్చి టేప్ చుట్టిన స్టీల్ కేబుళ్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి వారాల్లో చంక కిందా, పక్కటెముకల మీదా నల్లటి చారలు పడతాయి. పరుగెత్తి వెళ్లి తాళ్లకు తగిలేటప్పుడు వీపు పైభాగం తాడుకు ఆనాలి, అదే సమయంలో చెయ్యి పై తాడును పట్టుకోవాలి. ఆ పట్టు అందం కోసం కాదు. తాడు కొక్కెం తెగితే మనిషి బయటికి పడిపోకుండా ఆపేది ఆ చెయ్యే. తాళ్లను స్తంభాలకు బిగించే మరలు, అంటే టర్న్‌బకిళ్లు, మూలకు మూడు చొప్పున మొత్తం 12 ఉంటాయి. షోకు ముందు ఒక్కొక్కటీ చేత్తో లాగి చూడాలి. ఒక మూల పూర్తిగా బిగించి తర్వాతి దానికి వెళ్తే స్తంభం లోపలికి వాలుతుంది. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. మూడు నాలుగు మ్యాచ్‌లయ్యేసరికి తాళ్లు వదులవుతాయి కాబట్టి ఇంటర్వెల్‌లో మళ్లీ చూడాల్సిందే.

అపోహ: పడటానికేముంది, ఎవరైనా పడతారు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇది. వెల్లకిలా పడటాన్ని రెజ్లర్లు బంప్ అంటారు. శిక్షణలో ఎక్కువ కాలం దీనికే పోతుంది, పోవాలి కూడా. మొదట మందపాటి మ్యాట్ మీద గొంతుక్కూర్చుని వెనక్కి వాలడం. గడ్డం ఛాతీకి ఆని ఉండాలి, చూపు సొంత నడుము పట్టీ మీద ఉండాలి. నేలకు తగిలే క్షణంలో ఊపిరి బయటికి వదలాలి. వీపు పైభాగమంతా ఒక్కసారే తగలాలి. రెండు చేతులూ ఒంటికి సుమారు 45 డిగ్రీల దూరంలో, అరచేతులు కిందికి ఉండేలా, అదే క్షణంలో నేలను చరచాలి. అలా దెబ్బ ఒక్కచోట కాకుండా పరుచుకుంటుంది. మ్యాట్ మీద వందలసార్లు సరిగ్గా వచ్చాకే నిలబడి పడటం, ఆ తర్వాతే రింగ్.

తప్పులు ఎక్కువగా నాలుగే. భయంతో చెయ్యి వెనక్కి ఆనిస్తే మణికట్టో మోచెయ్యో విరుగుతుంది. గడ్డం పైకి లేస్తే తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. పిరుదులు ముందు తగిలితే దెబ్బ నేరుగా వెన్నెముకలోకి పోతుంది. ఊపిరి బిగబడితే గాలి ఆడక మ్యాచ్ అక్కడే ఆగుతుంది.

ఎత్తి పడేయడం కూడా ఒక్కడి బలం కాదు. ఎత్తబడేవాడు తానే గెంతుతాడు, ఒంటిని బిగించి బరువు పంచుతాడు. అందుకే 12వ నిమిషంలో ఇద్దరూ అలసిపోయాక ఎత్తులు తప్పుతాయి. కష్టమైన ఎత్తుకు ముందు నేల మీద ఒక పట్టు పెట్టి అర నిమిషం ఊపిరి తీసుకోవడం తెలిసినవాళ్ల పద్ధతి. ప్రేక్షకులకు విసుగనిపించే ఆ పట్టు మెడలను కాపాడుతుంది.

అపోహ: మ్యాచ్ మొత్తం ముందే రిహార్సల్ చేసి వస్తారు.

చిన్న షోల్లో చాలా జంటలు కలుసుకునేదే ఆ సాయంత్రం. ముగింపు, నిమిషాలు, నాలుగైదు ముఖ్యమైన ఘట్టాలు మాట్లాడుకుంటారు. మిగతాది రింగ్‌లోనే, హెడ్‌లాక్‌లో (ఎదుటివాడి తలను చేత్తో బిగించే పట్టు) తల వంచి చెవిలో చెప్పుకుంటారు. ముక్కూ మొహం తెలియని ఇద్దరికి ఇదెలా కుదురుతుందంటే, ఇందులో ఉమ్మడి వ్యాకరణం ఒకటుంది. అమెరికా, జపాన్ పద్ధతిలో పట్లన్నీ ఎడమ వైపు పడతారు. మెక్సికో రెజ్లింగ్ పద్ధతి లూచా లీబ్రేలో కుడివైపు. ఈ రెండు చోట్ల నేర్చుకున్నవాళ్లు ఎదురైతే లాకర్ రూమ్‌లోనే ఆ మాట తేల్చుకోవాలి, లేదంటే మొదటి పట్టులోనే మోకాళ్లు ఢీకొంటాయి.

వీళ్ల మధ్య కబురు మోసేది రిఫరీ. ఎన్ని నిమిషాలు మిగిలాయో వంగి చెప్పేది ఆయనే. పడ్డవాడి చెయ్యి పట్టుకున్నప్పుడు తిరిగి నొక్కితే బాగానే ఉన్నాడని అర్థం. నొక్కకపోతే ఆట ఆపాలి. రిఫరీ తల పైన రెండు చేతులూ అడ్డంగా పెట్టి గుణకారం గుర్తు చూపిస్తే గాయం నిజమని వెనకున్నవాళ్లకు సంకేతం. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆ రాత్రి ఆ మనిషి మళ్లీ రింగ్‌లోకి వెళ్లకూడదు. "నేను బాగానే ఉన్నా" అన్న అతని మాటకు అప్పుడు విలువ ఇవ్వకూడదు.

అపోహ: కుర్చీలు అట్టవి, రక్తం రంగు నీళ్లు.

కుర్చీలు మామూలు ఇనుప మడత కుర్చీలే. కూర్చునే చదునైన భాగంతో, వీపు పైభాగంలో, కండ ఉన్నచోట కొడతారు. అంచుతో కొట్టరు. తల మీద కొట్టడాన్ని డబ్ల్యూడబ్ల్యూఈ 2010లో నిషేధించింది. చిన్న షోలకు అంతకంటే మెతక నియమం ఉండాల్సిన కారణమేదీ లేదు. రక్తం మాత్రం చాలాసార్లు నిజమైనదే. దాంతోపాటు హెపటైటిస్ బి, సి ప్రమాదమూ నిజమే. రక్తం లేకుండా కథ నడపలేని షో, కథ సరిగ్గా రాయని షో అని మా అభిప్రాయం.

అపోహ: నలుగురు రెజ్లర్లు, ఒక హాల్ దొరికితే షో అయినట్టే.

హాల్ చూడటానికి వెళ్తే మొదట పైకప్పు చూడాలి. రింగ్ నేల సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. పై తాడు దానిమీద నాలుగడుగుల పైచిలుకు. ఆరడుగుల మనిషి దానిమీద నిలబడితే తల 14 అడుగుల దగ్గరికి వస్తుంది. కప్పు 15 అడుగులే అయితే పైనుంచి దూకే విన్యాసాలు ఆ రాత్రికి వద్దని ముందే చెప్పేయాలి. వేలాడే లైట్లు, ఫ్యాన్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మ్యాచ్‌ల వరస ఇంకో పని. మొదటిది వేగంగా, స్పష్టమైన గెలుపుతో ముగిస్తే జనం కుర్చీల్లో కుదురుకుంటారు. చివరి పోరుకు ముందు తేలికైనది ఒకటి పెడితే గొంతులు కాస్త విశ్రాంతి తీసుకుంటాయి. ఒకే విన్యాసం రెండు మ్యాచ్‌ల్లో వస్తే రెండోదానికి చప్పట్లు రావు. అందుకే ఎవరు ఏం చేస్తున్నారో లాకర్ రూమ్ గోడ మీద కాగితం అంటించాలి. ఇక సమయం: ఆరు మ్యాచ్‌లు తలా మూడు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే 18 నిమిషాలు. హాల్ అద్దె గడువు జరగదు కాబట్టి కోత పడేది చివరి మ్యాచ్‌కే, అంటే జనం ఏది చూడటానికి వచ్చారో దానికే.

అపోహ: చిన్న షోల్లో ఉండేది పైకి రాలేనివాళ్లు.

2002లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మొదలైన రింగ్ ఆఫ్ ఆనర్ అనే ఇండిపెండెంట్ సంస్థలో కుస్తీ పట్టిన సీఎం పంక్, బ్రయన్ డేనియల్‌సన్ తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ చాంపియన్లయ్యారు. 2018 సెప్టెంబరు 1న షికాగో శివారులో జరిగిన ఆల్ ఇన్ అనే ఇండిపెండెంట్ షోకు 10 వేలకు పైగా జనం వచ్చారు.

అపోహ: చివరి గంట మోగగానే పని అయిపోతుంది.

రింగ్ విప్పాలి. ముందు మూలల ప్యాడ్లు, తాళ్లు, తర్వాత కాన్వాస్, ఫోమ్, పలకలు, దూలాలు, చివరికి స్తంభాలు. స్తంభాన్ని ఒక్కడు ఎత్తకూడదు. షో అంతా ఏమీ కాని నడుము ఇక్కడ పట్టేస్తుంది. కాన్వాస్‌ను క్రిమిసంహారక మందుతో తుడిచి, పూర్తిగా ఆరాకే మడవాలి. తడిగా మడిచిన కాన్వాస్ బూజు పడుతుంది, తామర లాంటి చర్మ రోగాలు తర్వాతి షోలో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. రక్తం పడిన చోటును ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, అప్పుడు తుడవాలి.