హార్మోన్ మాత్రకు ముందు డిశ్చార్జి కాగితం

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు ఉడికించే చోట సెగ ఎప్పుడూ ఉండేదే. నలభై దాటిన ఆడమనిషికి అక్కడ ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు కమ్మి మెడ వెంట చెమట కారితే, అది బాయిలర్ వేడో ఒంట్లో వేడో తేల్చుకోవడం కష్టం. అర్ధరాత్రి ఫ్యాను కింద కూడా అదే ఆవిరి లేచి దుప్పటి తన్నేయాల్సి వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. "ఏటోనమ్మా, ఒళ్లు కాలిపోతంది" అంటే, "ముట్లుడిగే వయసు కదేటి, అదే పోద్ది" అంటుంది పక్కింటావిడ. పోతుంది, నిజమే. కాకపోతే అమెరికాలో ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్లలో సగం మందికి అవి ఏడేళ్లకు పైనే సాగాయి.

ఇది మనసు పుట్టించే బాధ కాదు. ఒంటి వేడిని చూసుకునేది మెదడులోని హైపోథాలమస్. ముట్లుడిగే వయసులో, అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గిపోగానే అక్కడి కొన్ని నాడీకణాలు మితిమీరి పనిచేస్తాయి. వేడి రవ్వంత పెరిగినా మెదడు ఓర్చుకోలేక చర్మం కింది రక్తనాళాలను విప్పేస్తుంది, చెమట పట్టిస్తుంది. కాసేపటికి చలి వేస్తుంది. తగ్గిన ఈస్ట్రోజెన్‌ను బయటినుంచి ఇస్తే ఆవిర్లు సుమారు ముప్పాతిక వంతు తగ్గుతాయి. ఇంతకన్నా బాగా పనిచేసే మందు ఇంకా రాలేదు.

అయినా హార్మోన్ మాత్ర పేరెత్తగానే "క్యాన్సర్ వస్తుందట" అన్న మాటే ముందు వినిపిస్తుంది. ఆ భయం లోకమంతా పాకింది 2002 జూలైలో. ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే అమెరికా పరిశోధనలో గర్భసంచి ఉన్న 16,608 మందిలో కొందరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర, మిగతావాళ్లకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. అయిదేళ్లు దాటగానే ఆ భాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. ఏడాదికి 10,000 మందిలో ఉత్తి మాత్ర వాడినవాళ్లకు 30 రొమ్ము క్యాన్సర్లు వస్తే, అసలు మాత్ర వాడినవాళ్లకు 38 వచ్చాయి. పేపర్లలో ఇది "26 శాతం పెరుగుదల" అయింది. రెండూ ఒకే లెక్క, కానీ రెండోది వింటే గుండె జారుతుంది. పైగా అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. ముట్లుడిగి పదేళ్లు దాటినవాళ్లే ఎక్కువ.

రెండు హార్మోన్లు కలపడానికి కారణం ఉంది. ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే గర్భసంచి లోపలి పొర యూరియా ఎక్కువైన మడిలా పెరిగిపోతుంది. దానివల్ల గర్భసంచి క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1975లోనే బయటపడింది. ఆ పొరను అదుపులో పెట్టేది ప్రొజెస్టిన్, అంటే ప్రొజెస్టిరాన్ జాతి మందు. గర్భసంచే లేనివాళ్లకు దాని అవసరం లేదు. అందుకే అదే పరిశోధనలో గర్భసంచి తీసేసిన 10,739 మందికి విడిగా పరీక్ష పెట్టారు. వాళ్లలో కొందరికి ఇచ్చింది ఈస్ట్రోజెన్ ఒక్కటే. దాన్నీ 2004లో ముందే ఆపారు, పక్షవాతం ఏడాదికి 10,000 మందిలో సుమారు 12 ఎక్కువగా కనిపించడంతో. రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు, తగ్గింది. సుమారు ఇరవై ఏళ్లు గమనించి 2020లో ప్రచురించిన ఫలితాల్లోనూ తగ్గుదలే కనిపించింది.

ఈ రెండో కబురు 2002 నాటి కబురంత దూరం పోలేదు. పోవలసింది ముందుగా మన వైపుకే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు దేశంలో 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. దేశంలోకెల్లా ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ వీధి అరుగు మీద కూర్చున్నా "సంచి తీయించీసుకున్నాను" అనే మనిషి తగులుతుంది. అండాశయాలు కూడా తీసేశారా, ఉంచారా అని అడిగితే చాలామంది బిక్కమొహం వేస్తారు.

జవాబు బీరువాలో, పాలిథిన్ కవర్లో, రేషన్ కార్డు జిరాక్సుల కింద ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ పేరు దగ్గర "టి.ఏ.హెచ్." అని ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని అర్థం. "వి.హెచ్." అంటే కిందినుంచి తీశారు. దాని పక్కన "బి.ఎస్.ఓ." అని ఉంటే రెండు అండాశయాలూ గొట్టాలతో సహా పోయాయి. హార్మోన్ వాడాలా వద్దా అన్న ఆలోచన మొదలుపెట్టాల్సింది ఈ మూడక్షరాల దగ్గర.

36 ఏళ్లకే రెండు అండాశయాలూ పోయినామెకు ముట్లుడిగే దశ మెల్లగా రాదు, ఆపరేషన్ టేబుల్ మీదే వచ్చేస్తుంది. మన దేశంలో అది సహజంగా వచ్చే సగటు వయసు 46, 47. అంటే పదేళ్ల ఈస్ట్రోజెన్ ఆమెకు బాకీ. అది అందకపోతే ఎముకలు ముందే గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. అందుకే ఇలాంటివాళ్లు, వేరే అడ్డంకి లేకపోతే, ఆవిర్లు ఉన్నా లేకున్నా కనీసం సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ వాడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. 63 ఏళ్లవాళ్ల మీద తేలిన ముప్పును ఈమెకు అంటగట్టడం అన్యాయం. నా దృష్టిలో ఉత్తరాంధ్రలో అసలు సమస్య మాత్ర అతిగా వాడటం కాదు, ఈమెకు దాని సంగతి ఎవరూ చెప్పకపోవడం. పురుడంటే చప్పున ఘోషాసుపత్రి పేరు చెప్పే విజయనగరంలో, ముట్లుడిగాక ఎక్కడికెళ్లాలంటే ఎవరూ చప్పున చెప్పరు.

అండాశయాలు మిగిలినా, గర్భసంచి తీశాక అవి ఒకటి రెండేళ్లు ముందే చేతులెత్తేయవచ్చు. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి ఆ సంగతి చెప్పేవి ఆవిర్లే.

ఆపరేషన్ ఏమీ లేకుండా సహజంగా ముట్లుడిగినవాళ్ల లెక్క వేరు. వయసు 60 లోపు, ముట్లుడిగి పదేళ్ల లోపు, రాత్రి నిద్ర కూడా పట్టనంత బాధ ఉంటే సాధారణంగా మేలే ఎక్కువ. అది దాటాక కొత్తగా మొదలుపెడితే గుండెకు, మెదడుకు ముప్పు పెరుగుతుంది. బాధేమీ లేకుండా గుండెకు మంచిదని వాడటం దండగ. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీది నల్ల పెట్టె హెచ్చరికల్లో, అంటే మందు కాగితం మీద నల్ల గీతల మధ్య అచ్చువేసే అతి తీవ్రమైన హెచ్చరికల్లో, చాలావాటిని తీసేయిస్తున్నట్టు ప్రకటించింది. అలాగని అందరికీ తలుపు తెరిచినట్టు కాదు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు.

మింగే మాత్ర కాలేయం గుండా పోయి రక్తం గడ్డకట్టే గుణాన్ని కాస్త పెంచుతుంది. చర్మానికి రాసే జెల్‌తో ఆ పెరుగుదల కనిపించలేదు. బరువు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరుతో జెల్ మాట ఎత్తడం మంచిది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపువాళ్లు ఏ మందుకైనా ముందు బీపీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూపించుకోవాలి. కిడ్నీ జబ్బు ముదిరితే ముట్లు కూడా ముందే ఆగిపోతాయి, కాబట్టి అక్కడ ఆ రెండు బాధలూ ఒకే మనిషిలో కలవచ్చు. హార్మోన్ పనికిరాని వాళ్లకు ఆవిర్లు తగ్గడానికి ఇచ్చే గాబాపెంటిన్ అనే మందు మోతాదును కిడ్నీని బట్టి తగ్గించాలి.

బయటికి చెప్పుకోని బాధ ఇంకోటుంది. యోని పొడిబారి, మూత్రానికి వెళ్తే మంట. దీన్ని యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడేవాళ్లు ఉన్నారు. దీనికి లోపల రాసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము ఉంది. అది రక్తంలోకి పోయేది అతి తక్కువ, అరవై దాటినవాళ్లూ వాడొచ్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ముందు క్యాన్సర్ డాక్టరుని అడగాలి.

ఎప్పుడో ముప్పైల్లో అండాశయాలు తీయించుకుని ఇప్పుడు అరవై దాటినామెకు ఈ మాత్ర కాలం దాటిపోయింది. ఆమె చూపించుకోవాల్సింది ఎముకల గట్టిదనం, డెక్సా స్కాన్‌తో. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ గుల్లబారిన తుంటికి అదొక్కటే చాలదు. ఆమె కూతురికి రేపు అధిక రక్తస్రావమనో గడ్డలనో ఆపరేషన్ మాట వస్తే, అంగీకార పత్రం మీద సంతకం పెట్టేముందే అడగాలి: మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, తీస్తే ఎందుకు, తర్వాత ఈస్ట్రోజెన్ ఎవరు రాస్తారు, ఎన్నేళ్లు?