అపోహ: 500 మంది తుపాకులతో వచ్చి అజ్టెక్ సామ్రాజ్యాన్ని కూల్చేశారు

ప్రపంచ చరిత్ర పాఠం ఎక్కడ చెప్పినా ఈ వాక్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. యూట్యూబ్‌లో ఇదే, జవాబు పత్రాల్లోనూ ఇదే. పుస్తకానికో అంకె చూసి కంగారుపడే పిల్లలను ఏమీ అనలేం. తప్పు వాళ్లది కాదు, అంకె పక్కన తేదీ వెయ్యనివాళ్లది.

1519 ఫిబ్రవరిలో స్పెయిన్ సేనాని హెర్నాన్ కోర్తేస్ వెంట క్యూబా నుంచి నేటి మెక్సికో వైపు బయల్దేరింది 11 ఓడలు, దాదాపు 500 మంది సైనికులు, 16 గుర్రాలు. మరుసటి ఏడాది అతన్ని పట్టి తెమ్మని క్యూబా గవర్నర్ పంపిన నార్వాయెస్ సేన ఓడిపోయి, కోర్తేస్ పక్షానే చేరింది. 1520 జూన్ 30 రాత్రి అజ్టెక్ రాజధాని తెనొచ్తిత్లాన్ నుంచి పారిపోతూ కోర్తేస్ సేనలో వందల మంది చచ్చారు. 1521 ముట్టడి నాటి బలగాన్ని కోర్తేస్ తన రాజుకు లెక్క రాసి పంపాడు: రౌతులు 86 మంది, విల్లు, తుపాకి పట్టేవాళ్లు కలిపి 118 మంది, కత్తి డాలు కాల్బలం 700 పైచిలుకు, పెద్ద ఇనుప ఫిరంగులు 3, చిన్న కంచు ఫిరంగులు 15, తుపాకి మందు 10 క్వింటాళ్లు. అప్పటి స్పానిష్ క్వింటాలు మన వంద కిలోల క్వింటాలు కాదు, సుమారు 46 కిలోలు. అంటే మొత్తం మందు 460 కిలోలు. దాంతో రెండున్నర నెలల యుద్ధం, అదీ వానాకాలంలో. తుపాకులే కూల్చాయనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

కూల్చింది మనుషుల బలం, ఆ మనుషుల్లో అత్యధికులు స్థానికులు. అది ఎలా పనిచేసిందో పడవల సంగతి చూస్తే తెలుస్తుంది.

తెనొచ్తిత్లాన్ సరస్సు మధ్యలోని ఊరు. ఒడ్డుకు కలిపేవి పొడవాటి కట్టలు, వాటికి మధ్యమధ్య గండ్లు, గండ్ల మీద తీసేయగలిగే చెక్క వంతెనలు. వంతెన లాగేస్తే కట్ట మీదున్న సేన ఇరుక్కుపోతుంది, రెండు వైపుల నుంచీ దోనెల్లోంచి బాణాలు పడతాయి. జూన్ 30 రాత్రి జరిగింది అదే. అందుకే సరస్సు చేతికి రానిదే ఊరు దక్కదని కోర్తేస్‌కు అర్థమైంది. 13 బ్రిగాంటైన్లు (తెరచాపలు, తెడ్లతో నడిచే చిన్న యుద్ధ పడవలు) కట్టించాడు. వడ్రంగి పని చూసింది మార్తిన్ లోపెస్. కలప కోర్తేస్‌తో చేయి కలిపిన స్థానిక రాజ్యం త్లష్కాలా అడవులది. తెరచాపలు, తాళ్లు, ఇనుప సామాను వెరాక్రూజ్ తీరం నుంచి మోయించారు. అవి 1519లో కోర్తేస్ ఒడ్డుకెక్కించి పనికిరాకుండా చేసిన ఓడల నుంచి విప్పి దాచినవి. అన్నట్టు, "ఓడలు తగలబెట్టాడు" అన్న కథ ఇక్కడే తేలిపోతుంది. తగలబెట్టి ఉంటే విప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

విడి భాగాలుగా చేసిన పడవలను సరస్సు పక్కనున్న తెష్కోకో నగరం ఒడ్డుకు చేర్చాలి. కొండ దారిలో 18 లీగులు, అంటే దాదాపు 100 కిలోమీటర్లు. కోర్తేస్ చెప్పిన ప్రకారం పలకలు, దూలాలు భుజాన మోసినవాళ్లు 8,000 మంది. తిండి గింజలు మోసేవాళ్లు, కాపలా సైన్యం వేరే. ముందు మనిషి తెష్కోకోలో అడుగుపెట్టాక చివరి మనిషి వచ్చేసరికి ఆరు గంటలు దాటిందట. అక్కడ పడవలు బిగించి సరస్సులోకి దింపడానికి అర లీగు పొడవున కాలువ తవ్వారు. రోజుకు 8,000 మంది, 50 రోజుల పని. ఆ తవ్వినవాళ్లు తెష్కోకో ప్రాంతం వాళ్లు. 1521 ఏప్రిల్ 28న పడవలు నీళ్లలోకి దిగాయి.

తర్వాతి పని ఇంకా మొరటుది. ముందు చపుల్తెపెక్ నుంచి మంచినీళ్లు తెచ్చే కాలువ తెంచారు. ఊరి చుట్టూ నీళ్లే ఉన్నా తూర్పు సరస్సు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పగలు గండ్లు పూడ్చేవాళ్లు, రాత్రి మెషీకాలు మళ్లీ గండ్లు కొట్టేవాళ్లు. (అజ్టెక్ అన్నది మనం వాడే పేరు, వాళ్లు తమను మెషీకా అనుకునేవారు.) బ్రిగాంటైన్లు చిక్కుకునేలా నీళ్ల కింద గుంజలు కూడా పాతారు. చివరికి ఇళ్లు కూల్చి ఆ రాళ్లతోనే కాలువలు పూడ్చుకుంటూ పోవడమే మార్గమైంది. ఆ కూల్చడం, పూడ్చడం చేసింది స్థానిక మిత్ర సేనలు.

వాళ్లు లేకపోతే ఏమయ్యేదో 1521 జూన్ 30న తేలింది. ఊరి ఉత్తర భాగం త్లతెలోల్కో వైపు దూకిన కోర్తేస్ దండు ఒక గండిని గడ్డి, కట్టెలతో పైపైన పూడ్చి ముందుకు పోయింది. వెనక్కి తగ్గాల్సివచ్చినప్పుడు అది కుంగిపోయింది. 50 మందికి పైగా స్పానిష్ సైనికులు చిక్కి బలయ్యారు, కోర్తేస్ కొద్దిలో తప్పించుకున్నాడు. ఆ వెంటనే మిత్ర సేనల్లో చాలామంది ఇళ్ల దారి పట్టారు, దాంతో ముట్టడి నిలిచిపోయింది. వాళ్లు తిరిగి వచ్చాకే కదిలింది. ఊరు ఆగస్టు 13న పడింది.

వాళ్లెందుకు చేరారు? మోసపోయి కాదు, భయపడీ కాదు. త్లష్కాలాను మెషీకాలు చుట్టుముట్టి ఉప్పు, పత్తి అందకుండా చేశారు. ఆ త్లష్కాలాయే 1519లో ముందు కోర్తేస్‌తో యుద్ధం చేసింది, బేరం కుదిరాకే చేయి కలిపింది. తెష్కోకోది దాయాదుల పోరు: 1515లో రాజు నెసవల్పిల్లి పోయాక మెషీకాలు ఒక కొడుకును నిలబెట్టారు, ఇంకో కొడుకు ఇష్త్లిల్షోచిత్ల్ ఎదురు తిరిగాడు. సామ్రాజ్యం అంటున్నాం గానీ, అది కప్పం వసూలు చేసే ఏర్పాటు. సామంతుడు తన గద్దె మీదే ఉండేవాడు, అతనికి సొంత సేన ఉండేది. అలాంటివాడు పక్షం మారడానికి ఒక్క రాత్రి చాలు.

మిగిలినవి గబగబా. కోర్తేస్‌ను తిరిగొచ్చిన దేవుడు కెట్సాల్‌కోవత్ల్ అనుకున్నారన్నది తర్వాత పెరిగిన కథ. కోర్తేస్ ఉత్తరాల్లో ఆ దేవుడి పేరే లేదు. కోర్తేస్‌కు దుబాసీగా ఉన్న స్థానిక స్త్రీ మలింత్సిన్‌ను ద్రోహి అనేవాళ్లు ఆమెను ముందు బానిసగా అమ్మారని, తర్వాత కోర్తేస్ మనుషులకు కానుకగా ఇచ్చారని గుర్తుంచుకోవాలి. ఆమె ఎవరికి ద్రోహం చేసినట్టు? మశూచి, అంటే మన పల్లెల్లో అమ్మవారు, 1520లో వచ్చింది నిజం, మెషీకాల కొత్త రాజు కుయిత్లావాక్ 80 రోజుల్లోనే పోయింది నిజం. కానీ అదే మశూచికి త్లష్కాలా పెద్ద మషిష్కాత్సిన్ కూడా పోయాడు. రోగం పక్షం చూడలేదు. అది ఊరిని దాటిపోయాక కూడా మెషీకాలు నెలల తరబడి పోరాడారు.

గెలిచినవాళ్లలో అందరికీ ఫలం దక్కిందా? 1560లో, కోర్తేస్ పక్షాన నిలిచిన వెహోత్సింగో ఊరి పెద్దలు తమ నావత్ల్ భాషలో స్పెయిన్ రాజుకు ఉత్తరం రాశారు. మెషీకాలను ఓడించిన పడవలకు కలప, తారు ఇచ్చింది మేమే, ఇప్పుడు మా మీద ఇంత కప్పం వేశారు, మోయలేకపోతున్నాం, తగ్గించండి అని.