1619కీ 1776కీ నడుమ

అమెరికా కథను ఏ ఏటి నుంచి మొదలుపెట్టాలన్న దాని మీద అక్కడ కొన్నేళ్లుగా పెద్ద రగడే నడుస్తోంది. 1776 అన్నది బడిపాఠం. ఆ జూలైలోనే కదా స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది. ఆఫ్రికా బందీలను వర్జీనియా తీరాన దించిన 1619 నుంచి లెక్కపెట్టి చూడండని 2019లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అంది. దానికి జవాబుగా మరుసటి ఏడాది అధ్యక్షుడు ట్రంప్ ‘1776 కమిషన్’ వేశారు. బైడెన్ పదవిలోకి వచ్చిన రోజే దాన్ని రద్దు చేశారు. 2025లో ట్రంప్ తిరిగి వచ్చి దానికి మళ్లీ ప్రాణం పోశారు. రెండు తేదీలకూ వకాల్తా పుచ్చుకునేవాళ్లు ఉన్నారు గానీ, నడుమ గడిచిన 157 ఏళ్లను పట్టించుకునేవాళ్లు తక్కువ. స్వేచ్ఛ, బానిసత్వం రెండూ ఒకే చూరు కింద ఎలా పెరిగాయో కనిపించేది ఆ ఏళ్లలోనే.

1619 జూలై 30న వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ చర్చిలో 22 మంది ప్రతినిధులు సమావేశమయ్యారు. ఇంగ్లీషువాళ్ల అమెరికా వలసల్లో ఎన్నికైన తొలి చట్టసభ అదే. ఎండలు భరించలేక ఆరు రోజులకే ముగించారు. మధ్యలో ఒక సభ్యుడు చనిపోయాడు కూడా. నెల తిరిగేసరికి, ఆగస్టు చివర్లో, ‘వైట్ లయన్’ అనే ఓడ పాయింట్ కంఫర్ట్ రేవుకు చేరింది. అంగోలా బందీలతో వెళ్తున్న పోర్చుగీసు ఓడను కొట్టి, అందులోంచి లాక్కొచ్చిన మనుషులు దానిలో ఉన్నారు. ‘ఇరవై చిల్లర నీగ్రోలు’ దిగారనీ, తిండి సామాను ఇచ్చి వాళ్లను కొన్నారనీ వర్జీనియా వలసదారు జాన్ రోల్ఫ్ ఇంగ్లండ్‌కు ఉత్తరం రాశాడు. పేర్లు రాయలేదు.

అప్పటికి వర్జీనియాలో బానిస చట్టమంటూ లేదు. పొగాకు తోటల్లో ఎక్కువ చాకిరీ చేసింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒప్పంద కూలీలు. ఓడ ఖర్చు కింద కొన్నేళ్లు ఒళ్లు హూనం చేసుకుంటే తర్వాత విడుదల. తొలినాళ్ల ఆఫ్రికన్లలోనూ కొందరు అలాగే బయటపడ్డారు. 1621లో వచ్చిన ఆంటొనీ జాన్సన్ 250 ఎకరాల ఆసామి అయ్యాడు. అంతటితో ఆగలేదు. తన దగ్గరున్న జాన్ కేసర్ అనే నల్లజాతి పనివాడు జీవితాంతం తనవాడేనని 1655లో కోర్టులో నెగ్గాడు. ఈ ముక్క చదివినప్పుడల్లా ఇబ్బందిగానే ఉంటుంది, దాచి మాత్రం ఏం లాభం? జాన్సన్ పోయాక, అతను నీగ్రో కాబట్టి పరాయివాడని చెప్పి వర్జీనియాలో అతని భూమిని కుటుంబానికి దక్కకుండా చేశారు.

ఆ ఇరవై ముప్పై ఏళ్లలోనే గాలి మారింది. 1640లో ముగ్గురు కూలీలు పారిపోయి పట్టుబడ్డారు. ఇద్దరు తెల్లవాళ్లకు నాలుగేళ్ల అదనపు చాకిరీ పడింది. మూడోవాడు జాన్ పంచ్ నల్లవాడు, అతనికి యావజ్జీవం. 1656లో ఎలిజబెత్ కీ అనే ఆమె తన తండ్రి ఇంగ్లీషువాడనీ, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలిననీ వాదించి విడుదలైంది. చట్టసభ ఆ రెండు దారులనూ మూసేసింది. బాప్తిస్మం పొందినా బానిస బానిసేనని 1667లో తేల్చింది. అంతకుముందే, 1662లో, ఇంగ్లీషు సంప్రదాయాన్ని తలకిందులు చేసి బిడ్డకు తల్లి స్థితే వర్తిస్తుందంది. ఇంగ్లండ్‌లో బిడ్డ స్థితి తండ్రిని బట్టి. ఇక్కడ మాత్రం యజమాని తన బానిస స్త్రీకి బిడ్డను కంటే ఆ బిడ్డ వారసుడు కాడు, ఆస్తి. నా దృష్టిలో మొత్తం వ్యవస్థకు ఇరుసు ఈ ఒక్క చట్టమే. 1669 చట్టం ఇంకో మెట్టు దిగింది. దండిస్తుండగా బానిస చనిపోతే అది హత్యానేరం కాదట, ఎందుకంటే తన ఆస్తిని తానే పగబట్టి ఎవడు నాశనం చేసుకుంటాడు?

1676లో నథానియల్ బేకన్ తిరుగుబాటు లేచింది. అందులో ఆదర్శమేమీ లేదు, స్థానిక తెగల భూముల మీద కన్నుతో మొదలైంది. కానీ గడువు తీరినా సెంటు భూమి దొరకని తెల్ల కూలీలూ, నల్లవాళ్లూ కలిసి ఆయుధాలు పట్టారు. జేమ్స్‌టౌన్ తగలబడింది. చివరిదాకా లొంగని ఒక గుంపులో 80 మంది నల్లవాళ్లు, 20 మంది ఇంగ్లీషువాళ్లు ఉన్నారు. ఆ పొత్తు దొరలను భయపెట్టిందని చాలామంది చరిత్రకారుల మాట. కూలీల చోట బానిసలు పెరగడానికి ఇంగ్లండ్ నుంచి కూలీల రాక తగ్గడం, 1698లో ఆఫ్రికా వ్యాపారం మీద రాయల్ ఆఫ్రికన్ కంపెనీ గుత్తాధిపత్యం పోవడం కూడా కారణాలే. (ఆ వ్యాపారపు ఓడలు ఆఫ్రికాకు ఖాళీగా వెళ్లేవి కావు. మనుషులకు మారకంగా ఇచ్చిన సరుకుల్లో మన కోరమండల్ తీరపు నేతబట్టలూ ఉండేవి.) 1705 బానిస చట్టం గీత గీసేసింది. విడుదలైన తెల్ల కూలీకి మొక్కజొన్నలు, డబ్బు, తుపాకీ ఇవ్వాలి. తెల్లవాడి మీద చెయ్యెత్తిన నల్లవాడికి 30 కొరడా దెబ్బలు. పేద తెల్లవాడికి పెద్దగా ఒరిగిందేమీ లేదు, తనకంటే కింద ఇంకొకరు శాశ్వతంగా ఉన్నారన్న ధీమా తప్ప.

ఇలా కట్టిన ఇంట్లోంచే 1776లో స్వాతంత్ర్య ప్రకటన రాయబోయే జెఫర్సన్ ఫిలడెల్ఫియా వెళ్లాడు. మనుషులంతా సమానంగా పుట్టారని రాస్తున్న రోజుల్లో ఆయనకు సేవ చేసింది రాబర్ట్ హెమింగ్స్ అనే కుర్రాడు. అతను బానిస, పైగా జెఫర్సన్ భార్యకు సవతి తమ్ముడు. 1662 చట్టం అంటే ఇదీ. బానిస వ్యాపారాన్ని బ్రిటన్ రాజు మీదకు నెడుతూ జెఫర్సన్ రాసిన పేరాను కాంగ్రెస్ కొట్టేసింది. అప్పటికి దాదాపు 25 లక్షల జనాభాలో 5 లక్షల మంది బానిసలు.

ఆ మాటలను అక్షరాలా నమ్మినవాళ్లు వేరే ఉన్నారు. మసాచుసెట్స్‌లోని షెఫీల్డ్‌లో జాన్ యాష్లీ ఇంట్లో బెట్ అనే బానిస స్త్రీ ఉండేది. మనుషులు స్వతహాగా సమానులు, స్వేచ్ఛాపరులు అంటూ 1773లో బ్రిటన్ మీద ఆ ఊరి పెద్దలు తీర్మానం రాసుకున్నది ఆ ఇంట్లోనే. యాష్లీ భార్య కాలిన పారతో బెట్ చెల్లెలిని కొట్టబోతే బెట్ చెయ్యి అడ్డుపెట్టిందనీ, ఆ మచ్చను ఎప్పుడూ కప్పుకోలేదనీ చెబుతారు. 1780లో రాష్ట్ర రాజ్యాంగం మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారంది. బెట్ లాయరు థియొడోర్ సెడ్జ్‌విక్ దగ్గరికి నడిచింది. 1773 తీర్మానం రాయడంలో చెయ్యి ఉన్నవాడే ఆయన. 1781 ఆగస్టులో జ్యూరీ ఆమెనూ, బ్రోమ్ అనే మరో బానిసనూ విడుదల చేసి, యాష్లీ చేత 30 షిల్లింగులు కట్టించింది. ఆమె ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకుంది. 1790 జనాభా లెక్కల్లో మసాచుసెట్స్ బానిసల గడిలో సున్నా ఉంది.

దేశం మొత్తమ్మీద అదే గడిలో దాదాపు 7 లక్షలు. 1787 రాజ్యాంగంలో ‘బానిస’ అన్న మాటే లేదు. ఆ మాట పలక్కుండానే ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టి దక్షిణాదికి సీట్లు పెంచారు, ఓడల్లో బానిసలను తెచ్చే వ్యాపారానికి 1808 దాకా అడ్డులేదన్నారు, పారిపోయినవాళ్లను తిరిగి అప్పగించాలన్నారు.

ఆ అప్పగింతకు 1793లో చట్టం చేసినప్పుడు సంతకం పెట్టింది తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్. రాజధాని అప్పుడు ఫిలడెల్ఫియా. ఆ ఊరున్న పెన్సిల్వేనియాలో ఆరు నెలలు దాటి ఉంటే బానిస విడుదల కోరవచ్చు. అందుకని అధ్యక్షుడి కుటుంబం గడువు నిండకముందే తమవాళ్లను రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేది. 1796 మేలో ఇంటివాళ్లు భోజనానికి కూర్చున్న వేళ ఓనా జడ్జ్ అనే 22 ఏళ్ల యువతి బయటికి నడిచి, న్యూ హాంప్‌షైర్ ఓడ ఎక్కింది. వాషింగ్టన్ మనుషులను పంపి అడిగించాడు. వాషింగ్టన్ దంపతులు తాము పోయాక విడుదల చేస్తామని మాటిస్తే వస్తానంది ఓనా. ఆయన ఒప్పుకోలేదు. 1799లో ఆయన వీలునామా 123 మందికి విడుదల రాసింది గానీ, ఓనా ఆయన సొంతం కాదు, భార్య మొదటి భర్త కస్టిస్ ఎస్టేటుకు చెందినది. న్యూ హాంప్‌షైర్‌లో ఆమె స్వేచ్ఛగల ఒక నల్లజాతి నావికుణ్ణి పెళ్లాడి ముగ్గురు పిల్లలను కంది. 1848లో కన్ను మూసేదాకా చట్టం లెక్కలో పరారీలోనే ఉంది. ఆ పిల్లలు కూడా తల్లి స్థితిని బట్టి కస్టిస్ ఎస్టేటు ఆస్తే.