అంతర్యుద్ధంలో కళాసంపద: అపోహలు - వాస్తవాలు

మ్యూజియం వస్తువుల సంరక్షణ నా వృత్తి. ఎక్కడైనా అంతర్యుద్ధం మొదలైందంటే జనం నాతో అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: పెద్ద పెద్ద శిల్పాలను కదపలేం, వాటిపై ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: 1975లో లెబనాన్ అంతర్యుద్ధం మొదలయ్యాక బేరూత్‌ను రెండుగా చీల్చిన గ్రీన్ లైన్ సరిగ్గా నేషనల్ మ్యూజియం దగ్గరే పడింది. దాని బాధ్యత చూసే మారిస్ షెహాబ్, ఆయన భార్య ఓల్గా చిన్న వస్తువులను బేస్‌మెంట్‌కు చేర్చి అడ్డంగా గోడ కట్టించారు. నేలమీది మొజాయిక్‌లపై ప్లాస్టిక్ షీటు పరిచి కాంక్రీట్ పోయించారు. కదలని రాతి శవపేటికల చుట్టూ చెక్క, కాంక్రీట్ తొడుగులు కట్టించారు. తర్వాత సాయుధులు ఆ భవనంలోనే మకాం వేశారు, గోడలు తూట్లు పడ్డాయి. ఫినీషియన్ శాసనమున్న అహీరాం శవపేటిక మాత్రం దక్కింది. గోడమీదున్న ఒక మొజాయిక్‌లో స్నైపర్ చేసిన రంధ్రాన్ని ఇప్పటికీ పూడ్చలేదు. అలా వదిలేయడమే సరైన పని అని నా అభిప్రాయం.

అపోహ: దాచేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: మాకు అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. బేరూత్ బేస్‌మెంట్‌లోకి నీళ్లు చేరాయి. ఏళ్ల తరబడి చెమ్మలో ఉంటే కంచుకు చిలుము పడుతుంది, రాయిలోని ఉప్పు పైకి తేలి పొరలుగా రాలుతుంది. 2012లో మాలి దేశంలోని టింబక్టూ జిహాదీ మిలిటెంట్ల చేతిలో పడినప్పుడు అక్కడి పురాతన రాతప్రతులను ట్రంకు పెట్టెల్లో రహస్యంగా రాజధాని బమాకోకు చేర్చారు. ఎడారి పొడిగాలిలో నిలిచిన ఆ కాగితాలకు అక్కడ తేమ కొత్త శత్రువైంది. బేరూత్‌లో షెల్ పడి లేచిన మంటల్లో పత్రాలు, మ్యాపులు, ఫోటోలు కాలిపోయాయి. ఫోటో, కొలతలు లేకపోతే దొంగిలించిన వస్తువు వేలంలో కనిపించినా మనదని నిరూపించడం చాలా కష్టం. అందుకే రిజిస్టర్ నకలు వేరే ఊళ్లో ఉండి తీరాలి.

అపోహ: సొంత దేశంలో పోరాటానికి అంతర్జాతీయ చట్టం వర్తించదు.

వాస్తవం: యుద్ధంలో సాంస్కృతిక సంపదను కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1954 హేగ్ ఒప్పందంలోని 19వ అధికరణం అంతర్యుద్ధాలకూ వర్తిస్తుంది. టింబక్టూ సమాధి మందిరాల ధ్వంసం కేసులో 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అహ్మద్ అల్ ఫకీ అల్ మహదీకి 9 ఏళ్ల జైలుశిక్ష వేసింది.

అపోహ: ముందు మనుషులు, కళ సంగతి తర్వాత.

వాస్తవం: ఈ రెంటినీ విడదీయడం దగ్గరే నాకు బాధ. సిరియాలోని ప్రాచీన నగరం పాల్మైరా శిథిలాలను దశాబ్దాల పాటు కాపాడిన ఖాలిద్ అల్ అసద్‌ను 2015లో ఐసిస్ చంపేసింది. ఆయనతో పాటు పోయిన పరిజ్ఞానాన్ని ఏ కాంక్రీటూ దాచలేదు. 2012లో ఉత్తర మాలిలో మిలిటెంట్లు సంగీతాన్ని నిషేధిస్తే గాయకులు కట్టుబట్టలతో పారిపోయారు. వాళ్లకు వీసా, ఇంటి అద్దె, కొత్త వాయిద్యం ఇప్పించడాన్ని కూడా వారసత్వ నిధుల లెక్కలోనే రాయాలి.