ఫిల్టర్లో బుడగ, మూతకి చిల్లు

మే నెల, మిట్టమధ్యాహ్నం. ఖమ్మం నుంచి సూర్యాపేట పోయే దారిలో నాన్న పాత నూరు సీసీ బండి మూడోసారి ఆగింది. బయల్దేరి పన్నెండు కిలోమీటర్లు కూడా కాలేదు. మూడుసార్లూ ఒకటే వరస. ముందు రెండు కుదుపులు, తర్వాత యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ఊపు రాదు, ఇంకో వంద గజాలు పోయి ఆగిపోతుంది. పది నిమిషాలు చెట్టు కింద కూర్చుని కిక్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది.

వంగి చూస్తే పెట్రోల్ పైపు మధ్యలో ఉండే చిన్న గాజులాంటి ఫిల్టరు పైసగం ఖాళీగా ఉంది. దారినపోయేవాళ్లు ఇద్దరు ఆగి చూసి ఒకే మాట అన్నారు: "ఎయిర్ పట్టింది." నేనూ అదే అనుకుంటున్నాను. ఆ వారంలో ఆ ఫిల్టరు రెండుసార్లు మార్చాం. మొదట కాగితం మడతలది వేశాం, అది నచ్చక జాలీది వేశాం. రెండింట్లోనూ బుడగ వచ్చింది.

ఆ బుడగ ఏమిటో, అది నిజంగా బండిని ఆపగలదో లేదో తెలుసుకోవడానికి ఆ తర్వాత చాలా సాయంత్రాలు ఖర్చుపెట్టాను. తెలిసినకొద్దీ నా అనుమానం బుడగ మీద తగ్గుతూ వచ్చింది.

ఇదంతా కార్బొరేటర్ బళ్ల సంగతి. పెట్రోల్, గాలి కలిపి ఇంజన్‌కి పంపే భాగమే కార్బొరేటర్. 2020 ఏప్రిల్లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన దగ్గర కొత్త బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. వాటిలో కరెంటు పంపు పెట్రోల్‌ని వాతావరణ పీడనానికి రెండు మూడు రెట్ల ఒత్తిడితో తోస్తుంది. పాత బుల్లెట్లు, ఆర్‌ఎక్స్ 100లు, పాత స్ప్లెండర్లలో పంపే లేదు. ట్యాంకు పైన ఉంది, కార్బొరేటర్ కింద ఉంది, పెట్రోల్ తన బరువుతో తాను దిగాలి. అంతే.

ఆ బరువు ఎంతో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. పెట్రోల్ రిజర్వుకి దగ్గరపడ్డప్పుడు ట్యాంకులోని మట్టానికీ కార్బొరేటర్ గిన్నెలోని మట్టానికీ ఎత్తు తేడా ఒక జానెడు కూడా ఉండదు. పది సెంటీమీటర్లు అనుకుందాం. లీటరు పెట్రోల్ బరువు ముప్పావు కిలో. ఆ లెక్కన కింద పడే ఒత్తిడి సుమారు 730 పాస్కల్స్. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి లక్షా వెయ్యి చిల్లర. అంటే నూటికి ఒక్క వంతు కూడా కాదు, 0.7 శాతం. మేడ మీది నీళ్ల ట్యాంకు నుంచి కింది వంటింటి కుళాయికి ఏడు మీటర్ల ఎత్తుంటే, అక్కడి ఒత్తిడిలో ఇది దాదాపు నూరో వంతు. ఇంత పలచటి తోపుడుతో నడిచే ఏర్పాటు కాబట్టే, చిన్న అడ్డం కూడా దానికి పెద్దదే.

అయితే బండి అడిగేది కూడా తక్కువే. లీటరుకి 60 కిలోమీటర్లిచ్చే బండి గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నిమిషానికి 14 మిల్లీలీటర్లు తాగుతుంది. మూడు టీస్పూన్లు అనుకోండి. బుల్లెట్‌ని హైవే మీద గట్టిగా తోలినా నిమిషానికి 60 మిల్లీలీటర్లు దాటడం కష్టం. మూడు చెంచాల ధార దిగడానికి ఫిల్టరు నిండుగా ఉండక్కర్లేదు. అడుగున పెట్రోల్ తగిలే జాగా కొంచెం ఉన్నా చాలు. కార్బొరేటర్ గిన్నెలో ఫ్లోటు (పెట్రోల్ మీద తేలే ముక్క) ఉంది, దానికి కావలసిన మట్టం అదే చూసుకుంటుంది. అందుకే సగం ఖాళీగా కనిపించే ఫిల్టర్లతో వేల బళ్లు ఏళ్ల తరబడి హాయిగా తిరుగుతున్నాయి.

మరి ఆ గాలి పెట్రోల్‌తో పాటు కిందికి కొట్టుకుపోదేం? ఇక్కడ నాకు చెరువు గుర్తొస్తుంది. ఈత నేర్చుకునే పిల్లలు లుంగీని బాగా తడిపి, ఒక్కసారి గాల్లోకి విసిరి నీళ్ల మీద బోర్లిస్తారు. అది గుమ్మడికాయలా ఉబ్బుతుంది. దాన్ని వాటేసుకుని తేలతారు. పొడి లుంగీ అయితే గాలి నిలవదు, నేత సందుల్లోంచి పోతుంది. తడిస్తే ప్రతి సందులోనూ ఒక నీటి పొర పడి, గాలిని పోనివ్వదు. ఆ పొరని చీల్చాలంటే ఒత్తిడి కావాలి. సందు ఎంత సన్నమైతే అంత ఎక్కువ కావాలి.

కాగితం ఫిల్టరు అచ్చం తడి లుంగీయే. దాని రంధ్రాలు పది మైక్రాన్ల (మిల్లీమీటర్లో నూరో వంతు) వెడల్పు అనుకుంటే, పెట్రోల్‌తో తడిసిన ఆ కాగితంలోంచి గాలిని నెట్టడానికి 8,800 పాస్కల్స్ కావాలి. మన దగ్గరున్నది 730. ట్యాంకుని మీటరు ఎత్తున పెట్టినా చాలదు. కాబట్టి కాగితానికి పైవైపు చిక్కిన గాలి అక్కడే ఉంటుంది. కిందికి పోలేదు, కార్బొరేటర్‌ని ఇబ్బందీ పెట్టలేదు. జాలీ రంధ్రాలు పది ఇరవై రెట్లు పెద్దవి, వాటిలోంచి గాలిని నెట్టడానికి అందులో పదో ఇరవయ్యో వంతు ఒత్తిడి చాలు. పంపు ఉండే కార్ల కోసం చేసిన సన్న కాగితం ఫిల్టరుని పాత బండికి వేస్తే ఇబ్బంది వచ్చేది ఇందుకే. కాగితం కింది సగం మురికితో పూడుకుపోయి పై సగాన్ని గాలి ఆక్రమిస్తే అప్పుడు మాత్రం బుడగ నిజంగానే దోషి. పెట్రోల్ దిగడానికి మిగిలిన మంచి కాగితాన్ని అది కాజేసింది.

ఇంకో ప్రశ్న: గాలి తేలిక కదా, పైపులోంచి పైకి ట్యాంకులోకి పోవచ్చు కదా? పోవచ్చు, గొట్టం వెడల్పుగా ఉంటే. 1961లో బ్రెదర్టన్ అనే శాస్త్రవేత్త సన్నటి నిలువు గొట్టాల్లో బుడగల మీద రాసిన పత్రంలో ఒక అందమైన సంగతి ఉంది. గొట్టం ఒక హద్దు కంటే సన్నమైతే, పొడవాటి బుడగ తనంతట తాను పైకి కదలనే కదలదు. తలతన్యత, అంటే ద్రవం పైపొర సాగదీసిన తోలులా బిగిసి ఉండే గుణం, దాన్ని గోడలకి అదిమి పట్టేస్తుంది. నీళ్లకి ఆ హద్దు సుమారు 5 మిల్లీమీటర్ల వ్యాసం. పెట్రోల్ తలతన్యత నీటిదాంట్లో మూడో వంతే, అందుకని దాని హద్దు 3 మిల్లీమీటర్లకి కొంచెం పైన. మామూలు పెట్రోల్ పైపు లోపలి వ్యాసం 5, 6 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులో బుడగ మెల్లగా ఎక్కుతుంది. కానీ ఫిల్టరు ముక్కు, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద ఉండే కుళాయి) లోపలి చిల్లు ఈ హద్దుకి దగ్గరలో ఉంటాయి. అక్కడే బుడగ బిరడాలా బిగుసుకుంటుంది. గోరుతో తడితే కదిలేది కూడా అందుకే.

ఇక మా బండి. మూడోసారి ఆగిన చోటు నుంచి తోసుకుంటూ పోతే ఒక రేకుల షెడ్డు తగిలింది. పెద్దాయన ఫిల్టరు వంక చూడనే లేదు.

"మూత తీసి చూసినవా తమ్మీ?"

"లేదన్నా."

ట్యాంకు మూత తాళం తిప్పగానే "తుస్" అని శబ్దం వచ్చింది. లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం. ఒక్క క్షణం తర్వాత ఫిల్టర్లో పెట్రోల్ మట్టం నా కళ్ల ముందే కదిలింది.

పాత ట్యాంకు మూతలో సూది పట్టేంత చిల్లు ఒకటి ఉంటుంది. పెట్రోల్ దిగినంత మేర గాలి అందులోంచి లోపలికి రావాలి. అది మూసుకుపోతే ట్యాంకు లోపల ఒత్తిడి తగ్గుతూ పోతుంది. స్ట్రాతో నీళ్లు ఎత్తి పై కొనని వేలితో మూస్తే నీళ్లు కారవు చూశారా, అదే పరిస్థితి. ఎంత తగ్గితే ధార ఆగుతుంది? 0.7 శాతం తగ్గితే చాలు. ట్యాంకులో పెట్రోల్ పైన ఐదు లీటర్ల ఖాళీ ఉందనుకోండి. ఎండాకాలం ఆ ఖాళీలోని ఒత్తిడిలో సగం దాకా పెట్రోల్ ఆవిరిదే. ఆవిరి తగ్గితే మళ్లీ పుడుతుంది, గాలి పుట్టదు. ఈ లెక్కన సుమారు 70 మిల్లీలీటర్లు దిగేసరికి ధార నిలిచిపోతుంది. ఒక చిన్న టీ గ్లాసు. లీటరుకి 60 ఇచ్చే బండికి అది నాలుగు కిలోమీటర్లు. మేం ఆగింది సరిగ్గా అన్ని కిలోమీటర్లకే! రాత్రి ఇంటికొచ్చి ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

పది నిమిషాలాగితే మళ్లీ స్టార్టవడానికీ జవాబు దొరికింది. చిల్లు పూర్తిగా పూడలేదు, గాలి అతి మెల్లగా దూరుతోంది. పైగా నిలబెట్టిన బండి ట్యాంకు ఎండకి వేడెక్కి ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. మరి బుడగ? ట్యాంకు కిందనుంచి పైకి లాగుతున్నప్పుడు, ఖాళీ అయిన కార్బొరేటర్ గిన్నెలోని గాలి పైపులోకి ఎక్కుతుంది. మా ఫిల్టర్లోని గాలిలో చాలా భాగం అలా వచ్చిందేనని నా నమ్మకం. అంటే బండి ఆగింది బుడగ వల్ల కాదు. బండి ఆగడమూ బుడగ పుట్టడమూ ఒకే కారణం పిల్లలు. పైపు పగిలి గాలి పీలుస్తోందని కూడా చాలామంది అంటారు. మూత చిల్లు బాగున్నంతకాలం ఈ బళ్లలో అది జరగదు. లోపలి ఒత్తిడి బయటికంటే ఎక్కువ కాబట్టి పగులుంటే పెట్రోల్ బయటికి కారుతుంది.

ట్యాంకులో నోటితో ఊదితే బండి స్టార్టవుతుందన్న చిట్కా కూడా ఈ లెక్కతో తేలిపోయింది. మనిషి గట్టిగా ఊదితే 5,000 పాస్కల్స్ పైనే పుడుతుంది. ట్యాంకు ఎత్తు ఇచ్చేదానికి ఏడు రెట్లు. గొట్టంలో బిగుసుకున్న బుడగైనా, చిన్నపాటి చెత్తైనా దానికి ఆగదు. కానీ దయచేసి ఊదకండి, పైపుని నోటితో పీల్చకండి. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. గుటక పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

గాలిలా కనిపించేదంతా గాలి కాదు. పెట్రోల్ ఒకే పదార్థం కాదు, దానిలోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. రైల్వే గేటు దగ్గర పది నిమిషాలాగితే ఇంజన్ రెక్కలకి గాలి తగలదు, ఆ వేడంతా పక్కనే ఉన్న పైపుకి, ఫిల్టరుకి ఎక్కుతుంది. తేలిక పెట్రోల్ ఆవిరైతే సుమారు 250 రెట్లు ఉబ్బుతుంది. ఒక్క చుక్క చాలు, ఏడెనిమిది మిల్లీలీటర్ల ఆవిరై చిన్న ఫిల్టరుని నింపేస్తుంది. తేడా కనిపెట్టడం తేలిక: ఫిల్టరు మీద తడి గుడ్డ చుట్టండి. ఆవిరి బుడగైతే చూస్తుండగానే కుంచించుకుపోతుంది. గాలి బుడగ అలాగే ఉంటుంది. మందు కూడా తేలికే, పైపుని ఇంజన్ రెక్కలకి దూరంగా తిప్పి కట్టడం.

పైపు పొడవు కోసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. పొడుగు పైపు ఒంటె వీపులా పైకి లేచి దిగితే ఆ మూపురంలో గాలి చిక్కుతుంది. మూపురం ఐదు సెంటీమీటర్లయితే మన పది సెంటీమీటర్ల పెట్టుబడిలో సగం అక్కడే పోయినట్టు. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఎక్కడా ఎత్తు లేకుండా వాలుగా దిగాలి.

కొత్త కాగితం ఫిల్టరు వేసేటప్పుడు తడి లుంగీ సంగతి గుర్తుంటే పని సగం అయినట్టే. కాగితం పొడిగా ఉన్నంతసేపే గాలి దాన్ని దాటగలదు. ఇంజన్ చల్లారాక, కార్బొరేటర్ వైపు ముక్కు పైకి ఉండేలా ఫిల్టరుని పట్టుకుని, ట్యాంకు మట్టానికి దిగువనే ఉంచి, కాక్ కొంచెమే తెరవండి. పెట్రోల్ అడుగునుంచి మెల్లగా పైకి నిండుతూ గాలిని ముందుకు తోసేస్తుంది. ఒకసారి తడిశాక ఈ ఉపాయం పారదు. అప్పుడు తిరగేసి ట్యాంకు వైపు ముక్కుని పైకి పెట్టి గోటితో తట్టాలి, గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. చింతగింజంత మిగిలితే వదిలేయండి.

అసలు పరీక్ష సీసాతో. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, కొలత గీతలున్న సీసాలోకి ఒక నిమిషం పట్టండి. నిమిషానికి 100 మిల్లీలీటర్లు దాటితే ఏ పాత బండికైనా సరిపోతుంది. మూత బిగించి ఒకసారి, వదులు చేసి ఒకసారి పట్టాలి. ఫిల్టరుతో ఒకసారి, లేకుండా ఒకసారి. ఈ నాలుగు అంకెలు పక్కపక్కన రాసుకుంటే తప్పెక్కడుందో అవే చెబుతాయి. మూత బిగించినప్పుడు మా ధార సీసాలో పావు వంతు నిండకముందే చుక్కలకి పడిపోయింది.

ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది కాబట్టి ఈ పరీక్ష ఏడాదికోసారి చేస్తే మంచిదనిపిస్తుంది. ఇథనాల్ పాత ట్యాంకుల్లో పేరుకున్న జిగురుని కరిగించి ఫిల్టరుకి చేరుస్తుంది, తేమనీ పట్టుకుంటుంది.

ఆ రోజు షెడ్డులో పెద్దాయన తెగిన క్లచ్ వైరులోంచి ఒక పోగు లాగి మూత చిల్లులో దూర్చాడు. తెల్లటి గట్టి ముద్ద ఒకటి, ఆవగింజంత, రాలి పడింది. ఎండిపోయిన పాలిష్. నాన్న ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం ఆ ట్యాంకు తుడిచి పాలిష్ పెడతాడు. ఇప్పటికీ పెడుతున్నాడు. మొదలుపెట్టే ముందు మూత మీద పాత బనియన్ ముక్క ఒకటి కప్పుతున్నాడు.