కాలిన కంచెకు సర్కారు సాయం: అమెరికా పథకం ఎలా పుట్టింది?

2017 మార్చి 6న ఓక్లహోమాలో అంటుకున్న స్టార్‌బక్ కార్చిచ్చు పెనుగాలికి సరిహద్దు దాటి కాన్సస్‌లోని క్లార్క్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ముంచెత్తింది. అక్కడి జనాభా దాదాపు 2 వేలు. పశుపోషణే ప్రధాన ఆధారం. ఆ ఒక్క కౌంటీలోనే 4 లక్షల ఎకరాలకు పైగా కాలిపోయింది. చచ్చినవి చావగా, మిగిలిన పశువులు రోడ్డెక్కకుండా ఆపడానికి కంచె లేదు. కొయ్య గుంజలు బూడిదయ్యాయి. నిలిచి ఉన్న ముళ్లతీగను నమ్ముకోవడానికీ లేదు, వేడికి జింకు పూత పోతే త్వరగా తుప్పు పట్టేస్తుంది. మైలు కంచె కొత్తగా వేయాలంటే అప్పట్లో దాదాపు 10 వేల డాలర్లు.

పశువుల నష్టానికి వేరే పథకం ఉంది. కంచెకు మాత్రం అమెరికా వ్యవసాయ శాఖ నడిపే ఎమర్జెన్సీ కన్జర్వేషన్ ప్రోగ్రామే, అంటే అత్యవసర భూసంరక్షణ పథకమే దిక్కు. నేల సంరక్షణ ఖాతాలో కంచె ఖర్చు ఎందుకు పడుతోందో అర్థం కావాలంటే 1930లకు వెళ్లాలి.

కరవుకు తోడు గడ్డి మైదానాలను ఎడాపెడా దున్నేయడంతో పైమట్టి గాలికి లేచిపోయిన కాలం అది. 1935 ఏప్రిల్ 14నాటి దుమ్ము తుపానుకు బ్లాక్ సండే అనే పేరు మిగిలింది. అదే నెల 27న భూసంరక్షణ చట్టం వచ్చింది. దాని కోసం పోరాడిన నేల శాస్త్రవేత్త హ్యూ హామండ్ బెనెట్, వాషింగ్టన్ దాకా వచ్చిన దుమ్మును సెనెటర్లకు కిటికీలోంచి చూపించారని ఓ కథ. ఎంత నిజమో గానీ, చట్టం మాత్రం పాసైంది.

నా దృష్టిలో అసలు మలుపు ఆ తర్వాతి ఏడాది వచ్చింది. సాగు తగ్గించిన రైతులకు డబ్బిచ్చే 1933 చట్టాన్ని సుప్రీంకోర్టు 1936 జనవరిలో కొట్టేసింది. ప్రభుత్వం రెండు నెలలు తిరక్కుండానే మరో దారి వెతికింది. నేలను కాపాడే పంటలు వేస్తే చెల్లింపులు ఇస్తామంది. రైతు చేతికి నగదు ఇవ్వడానికి భూసంరక్షణ చట్టబద్ధమైన ఆధారమైంది. ఈ సాయం కోసం వచ్చే దరఖాస్తులు చూసే కౌంటీ కమిటీలు కూడా ఆ రోజుల నాటివే. వాటిలో ఉండేది రైతులు ఎన్నుకున్న రైతులే.

విపత్తు సాయంగా ఈ ఆలోచన 1957లో ఓ అదనపు నిధుల చట్టంతో మొదలై, 1978 వ్యవసాయ రుణ చట్టంతో స్థిరపడింది. వరద తెచ్చిన చెత్త, ఇసుక మేటలు తీయించడానికి, కోతపడ్డ నేల చదును చేయించడానికి, కంచెలు తిరిగి వేయడానికి సాయం అందుతుంది. పోయిన పంటకు ఇందులో పైసా రాదు. మామూలుగా ఖర్చులో 75 శాతం దాకా, కొత్తగా సాగులోకి వచ్చినవారికి, తక్కువ వనరులున్నవారికి 90 శాతం దాకా ఇస్తారు.

చిక్కల్లా డబ్బు చేతికొచ్చే తీరులోనే. ముందు దరఖాస్తు, తర్వాత అధికారుల తనిఖీ, పనయ్యాక బిల్లులు, ఆపైన చెల్లింపు. తొందరపడి ముందే పని మొదలుపెడితే సాయం దక్కకపోవచ్చు. కానీ పశువులు అనుమతి వచ్చేదాకా ఆగుతాయా? మందలో సగం పోగొట్టుకున్న మనిషిని ముందు నువ్వు పెట్టుకో అనడం ఏం సాయమో నాకైతే అర్థం కాదు.

2018 ఫార్మ్ బిల్లు (అమెరికా వ్యవసాయ చట్టం) దీన్ని కొంత సరిచేసింది. కంచె పనికి అంచనా ఖర్చులో 25 శాతం ముందుగానే ఇవ్వొచ్చంది. ఒక విపత్తుకు ఒకరికిచ్చే గరిష్ఠ సాయాన్ని 2 లక్షల డాలర్ల నుంచి 5 లక్షలకు పెంచింది. నిధుల సంగతి మాత్రం పాత పద్ధతే. ఏటా ఖాయంగా కేటాయింపు ఉండదు. పెద్ద విపత్తు వచ్చాక కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) అదనపు నిధులు ఇస్తుంది, అవి అయిపోతే తర్వాతి కౌంటీ మళ్లీ వాషింగ్టన్ వైపు చూడాల్సిందే.