హార్ట్‌షోర్న్ అడవిలోకి ఫిరంగులు ఎందుకొచ్చాయి?

న్యూజెర్సీలో మాన్మత్ కౌంటీ నడిపే హార్ట్‌షోర్న్ వుడ్స్ పార్కుకి మొదటిసారి వెళ్ళినవాళ్ళకి ఒక పట్టాన అర్థం కానిది ఒకటుంది. ఓక్ చెట్లు, హోలీ చెట్లు, మే చివర్లో విరగబూసే మౌంటెన్ లారెల్ పొదలు, కింద నేవసింక్ నది, ఇదంతా బాగానే ఉంది, కానీ తూర్పు వైపు రాకీ పాయింట్ దగ్గర మట్టి కప్పిన అంత పెద్ద కాంక్రీటు కట్టడం ఏంటి, పార్కుల శాఖ దాన్ని కూలగొట్టకుండా డబ్బు పెట్టి మరీ ఎందుకు బాగు చేయించింది? ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి ఇది పక్క కౌంటీయే, వారాంతం నడకకి వెళ్ళొచ్చేంత దూరం. అందుకని కథ కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఆ కొండ సంగతి. అక్కణ్ణుంచి దక్షిణంగా తీరమంతా చదునైన ఇసుకే. ఇక్కడ మాత్రం రెండొందల అడుగులు దాటిన కొండలు సముద్రాన్ని ఆనుకుని లేచి ఉంటాయి. వాటి ముందే శాండీ హుక్ అనే ఇసుక నాలుక సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది, న్యూయార్క్ రేవుకి వెళ్ళే పెద్ద ఓడలు దాని కొసని చుట్టుకునే లోపలికి పోవాలి. అంటే ఈ కొండెక్కి కూర్చున్నవాడికి న్యూయార్క్ వాకిట్లోకి ఎవరొస్తున్నారో, ఎవరు పోతున్నారో కనబడుతుంది. మూడొందల ఏళ్ళ చరిత్రకి మూలం ఇంతే.

పార్కుకి పేరిచ్చిన రిచర్డ్ హార్ట్‌షోర్న్ 1669 ప్రాంతంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన క్వేకర్. క్వేకర్లంటే యుద్ధమే వద్దనే మతస్థులు, ఆయుధం పట్టరు. ఆయన ఈ కొండలూ శాండీ హుక్కూ సంపాదించాడు. 1678లో శాండీ హుక్ మీద అక్కడి మూలవాసులైన లెనాపే ప్రజలకున్న వేట, చేపలు, బీచ్ ప్లమ్ పళ్ళ హక్కులన్నిటికీ కలిపి 13 షిల్లింగులు ఇచ్చాడట! ఆ ధర న్యాయమా అంటే నాకైతే సమాధానం తెలుసు. ఏదైతేనేం, ఆ కుటుంబం తరాల తరబడి ఇక్కడి భూమిని వదల్లేదు.

శాంతి కోరేవాడి భూమి మీద సైన్యాలు తిరగడం 1778లోనే మొదలైంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో భాగంగా జూన్ 28న జరిగిన మాన్మత్ యుద్ధం తర్వాత బ్రిటిష్ దళం వెనక్కి తగ్గి, ఈ కొండల మీదుగానే శాండీ హుక్ చేరి ఓడలెక్కి న్యూయార్క్ పోయింది. 1782 ఏప్రిల్‌లో ఇక్కడికి దగ్గర్లోనే, హైలాండ్స్ ఒడ్డున, జాషువా హడ్డీ అనే అమెరికన్ కెప్టెన్‌ని బ్రిటిష్ పక్షం వాళ్ళు ఉరి తీశారు. దానికి బదులుగా ఒక బ్రిటిష్ కెప్టెన్‌ని చంపాలని అమెరికన్ సేనాధిపతి జార్జి వాషింగ్టన్ చీటీలు వేయించడం, చీటీ పడిన చార్లెస్ ఆస్గిల్‌ని చివరికి వదిలేయడం పెద్ద గొడవే అయింది. తర్వాత పక్క కొండ మీద ట్విన్ లైట్స్ దీపస్తంభం వచ్చింది (ఇప్పుడున్న భవనం 1862 నాటిది), 1899లో మార్కోనీ తన వైర్‌లెస్‌ని అక్కడ ప్రదర్శించాడు.

ఇక అసలు విషయం, ఫిరంగులు. ఇవి రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద కోపంతో అప్పటికప్పుడు తయారు చేయించినవి కావు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా నౌకాదళం కొత్త భారీ యుద్ధనౌకల కోసం 16 అంగుళాల ఫిరంగులు పోత పోయించింది. ఇంతలో 1922లో వాషింగ్టన్ ఒప్పందం కుదిరి పెద్ద దేశాలన్నీ నౌకల సంఖ్య తగ్గించుకున్నాయి. సగం కట్టిన ఓడలు తుక్కుకి పోయాయి, ఫిరంగులు మాత్రం మిగిలిపోయాయి. కొన్నిటిని తీర రక్షణ కోసం సైన్యానికిచ్చి, మిగతావి ఎప్పటికైనా పనికొస్తాయని నౌకాదళం దాచుకుంది. 1930ల చివర్లో అయోవా తరగతి యుద్ధనౌకల నమూనా వేసేటప్పుడు వీటినే వాడదామనుకున్నారు. తీరా చూస్తే ఫిరంగులు చూసుకునే విభాగానికీ ఓడలు గీసే విభాగానికీ మధ్య సరైన మాట లేక, ఈ పాత ఫిరంగి పట్టే టరెట్ (ఫిరంగిని అమర్చే తిరిగే గూడు) ఓడలో పట్టదని బయటపడింది. ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా ఇది కొత్తగా అనిపించదు. దాంతో మార్క్ 7 అనే తేలికైన కొత్త ఫిరంగి తయారు చేశారు, పాతవి పూర్తిగా ఖాళీ అయ్యి సైన్యం చేతికొచ్చాయి. సరిగ్గా అప్పుడే సైన్యానికి కూడా అవసరం పడింది, ఎందుకంటే శాండీ హుక్‌లోని ఫోర్ట్ హాంకాక్ ఫిరంగులు పైకప్పు లేకుండా ఉండేవి, విమానం వచ్చి బాంబేస్తే అంతే సంగతులు.

అలా 1942–44 మధ్య రాకీ పాయింట్‌లో బ్యాటరీ లూయిస్ కట్టారు. బ్యాటరీ అంటే ఇక్కడ ఫిరంగుల స్థావరం, విశాఖలో కోస్టల్ బ్యాటరీ అనే చోటు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. (అదే 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. తీరం అంటే ఆ ఏడాది అందరికీ భయమే.) రెండు ఫిరంగులు, వాటి మధ్య వందల అడుగుల పొడవున కాంక్రీటు నడవా, పక్కన మందుగుండు గదులు, జనరేటర్ల గది, పైన మందంగా మట్టి. టన్ను బరువున్న గుండుని సుమారు 25 మైళ్ళ దూరం విసరగలవు. దగ్గర్లోనే 6 అంగుళాల ఫిరంగులు రెండింటికి ఇంకో చిన్న స్థావరం, బ్యాటరీ 219. లూయిస్ పేరు ఐజాక్ లూయిస్‌ది. తీర ఫిరంగి దళంలో కల్నల్, లూయిస్ మెషీన్‌గన్ కనిపెట్టినాయన, ఆ గన్‌ని సొంత సైన్యం వద్దంటే బెల్జియం, బ్రిటన్ తీసుకుని మొదటి యుద్ధమంతా వాడుకున్నాయి. ఆయన చనిపోయాక ఆయన పేరు పెట్టడం మాత్రం మర్చిపోలేదు.

ఈ ఫిరంగులు శత్రువు మీద ఒక్కసారి కూడా పేలలేదు. వచ్చిన శత్రువు యుద్ధనౌక కాదు, జలాంతర్గామి. 1942 ఫిబ్రవరి చివర్లో ఆర్.పి.రిసర్ అనే చమురు ఓడని జర్మన్ యు-బోట్ న్యూజెర్సీ తీరం దగ్గరే టార్పెడోతో కొడితే ఆ మంటలు ఒడ్డున ఉన్న జనానికి కనబడ్డాయి. నీళ్ళ కింద దాక్కునే దానికి 16 అంగుళాల గుండు ఏం సమాధానం? బ్యాటరీ పూర్తయ్యేసరికి యుద్ధం తీరు మారిపోయింది, యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకే రెండు ఫిరంగుల్నీ కోసి తుక్కు చేశారు. 1950లో తీర ఫిరంగి దళాన్నే రద్దు చేశారు.

ఫిరంగులు పోయినా కంచె పోలేదు, నా దృష్టిలో ఈ కథలో ముఖ్యమైన ముక్క ఇదే. సముద్రం బదులు ఆకాశాన్ని చూడ్డం మొదలుపెట్టారు. కొండ మీద రాడార్లు వచ్చాయి, 1960లో న్యూయార్క్ చుట్టూ ఉన్న, విమానాల్ని కూల్చే నైక్ క్షిపణుల స్థావరాల్ని సమన్వయం చేసే కేంద్రం వచ్చింది. ఆ క్షిపణుల వల్ల ఇక్కడ చనిపోయింది శత్రువులు కాదు, అమెరికా వాళ్ళే: 1958 మే 22న ఇదే మిడిల్‌టౌన్ టౌన్‌షిప్‌లోని స్థావరంలో ఎనిమిది నైక్ ఎజాక్స్ క్షిపణులు పేలి ఆరుగురు సైనికులు, నలుగురు సివిలియన్లు పోయారు. ఖండాంతర క్షిపణుల కాలం వచ్చాక విమానాల్ని కూల్చే ఈ ఏర్పాటూ పాతబడింది, 1974లో మూసేశారు.

సముద్రం కనబడే కొండ, న్యూయార్క్‌కి ఫెర్రీ దూరం. సైన్యం ఇన్నేళ్ళు కంచె వేసి ఉంచకపోతే రాకీ పాయింట్ మీద ఈపాటికి ఇళ్ళే ఉండేవని నా నమ్మకం. పడమటి వైపు అడవి హార్ట్‌షోర్న్ కుటుంబం దగ్గర ఉండిపోవడం వల్ల మిగిలింది, 1970లలో కౌంటీ దాన్ని తీసుకుంది, 1980లలో సైన్యం స్థలం కూడా చేరింది. ఇప్పుడు మొత్తం దాదాపు 800 ఎకరాలు.

బంకర్లు మాత్రం చాలాకాలం తలుపులు మూసే ఉన్నాయి. బ్యాటరీ లూయిస్‌ని బాగు చేయించి జనానికి తెరిచింది చాలా ఏళ్ళ తర్వాతే. 2017లో 68 అడుగుల ఫిరంగి గొట్టం ఒకటి తెచ్చి పెట్టారు, వంద టన్నులకు పైనే బరువు. పట్టింపున్నవాళ్ళ కోసం చెప్తున్నా, అది అప్పట్లో ఇక్కడున్న రకం కాదు, పైన చెప్పిన మార్క్ 7. అంటే ఏ ఫిరంగి వచ్చి పాతవాటికి ఓడల్లో చోటు లేకుండా చేసిందో అదే ఇప్పుడు వాటి చోట్లో ఉంది. ఇంత డబ్బు దీనికా, బాటలకి పెట్టొచ్చుగా అనేవాళ్ళుంటారు. నేనైతే పెట్టడమే సరైనదంటాను, ఎందుకంటే ఆ కాంక్రీటుని కూల్చాలన్నా ఖర్చు తక్కువేం కాదు, వదిలేస్తే గోడల మీద గీతలు రాసేవాళ్ళ పాలవుతుంది.

రాకీ పాయింట్ వైపు సైన్యం వేసిన తారు రోడ్లే ఇప్పుడు నడక బాటలు, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్తే ఆ వైపే మేలు. కాళ్ళకి పని చెప్పాలంటే బటర్‌మిల్క్ వ్యాలీ వైపు నుంచి ఎక్కి గ్రాండ్ టూర్ బాట పట్టండి, కష్టమైన బాటకి పెట్టే నల్ల డైమండ్ గుర్తుంటుంది. బ్యాటరీ లోపలికి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళనివ్వరు, తెరిచే రోజులు ముందే చూసుకోండి. రక్తం పీల్చే టిక్ పురుగులు కూడా ఉంటాయి, పొడుగు ప్యాంట్లు వేసుకోండి.